అయిదు వారముల యాట

ఒక కథ మనసునకు నచ్చినప్పుడు దానిలో తామే పాత్రలై మెలగవలెనని పిల్లలు కోరుట నేటి వింత కాదు. మన పల్లెలలో తోలుబొమ్మలాట జరిగిన మఱునాడు వేపపుల్లలు విల్లంబులై, గోనెపట్టాలు కోటలై, వీధులన్నియు లంకాపట్టణములగుట పెద్దలెఱిగినదే. మా పాఠశాలలో క్రిస్మసు నాటకము ముగిసిన పిదప జనవరి నెల సగమువరకు తువాలు తలకు చుట్టుకొన్న గొల్లలు వసారాలలో తిరుగుచునే యుందురు. ఈ కోరికకు వెల కట్టి యమ్మజూచిన వర్తకులు గత నలువది యేండ్లలో ననేకులు. చలనచిత్రము పేరుపొందగానే ఆ పేరుతోనే కంప్యూటరు ఆట యొకటి అంగళ్ళకు వచ్చుట సామాన్యమైనది. అట్టి యాటలలో మిక్కిలి అపకీర్తి పొందినదానిని గూర్చి ఈ పత్రిక పాఠకులకు కొంత తెలుపదలచితిమి. మా విద్యార్థులు కొందఱు దాని పేరు వినగానే నవ్వుదురని యెఱుగుదుము. నవ్వి, పిదప చదువవలసినదని వారిని కోరుచున్నాము.

1982వ సంవత్సరము జూను 11వ తేదీన అమెరికా దేశమున ‘ఇ.టి.’ అను చలనచిత్రము విడుదలయ్యెను. దర్శకుడు స్టీవెన్ స్పీల్‌బర్గ్. అన్యలోకమునుండి వచ్చిన పొట్టి ప్రాణి యొకటి, తనవారు ఓడ నెక్కి వెడలిపోగా, కాలిఫోర్నియా యడవిలో నొంటిగా చిక్కుకొనును. ఎలియట్ అను బాలుడు మిఠాయి బిళ్ళలు చూపి దానిని ఇంటికి రప్పించి, బట్టల గదిలో దాచి కాపాడును. ఇంట దొరికిన పాత సామానులతోనే అది తన లోకమువారిని పిలుచు సాధనమును కట్టుకొనును. తుదకు ఓడ వచ్చును, మిత్రులు విడిపోవుదురు. కథ యింతే. అయినను 1993లో ‘జురాసిక్ పార్కు’ వచ్చి మించువరకు, పదేండ్లపాటు, లోకమున నంతటి ధనము నార్జించిన చిత్రము వేఱొకటి లేకుండెను. ఆ యేట మేము ఊయలలో నుంటిమి. ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో చదువుచున్న కాలమున వసతిగృహపు టెలివిజనులో దానిని మొదటిసారి చూచితిమి. మీసములు వచ్చినవారమై యుండియు, విడిపోవు ఘట్టమున ఆ గదిలో నోరు మెదపినవాడు లేడు.

ఆ దినములలో వీడియో ఆటల వ్యాపారమునకు రాజు అటారీ కంపెనీ. దాని యజమానులు వార్నర్ కమ్యూనికేషన్స్ అను పెద్ద సంస్థవారు. ‘ఇ.టి.’ కథను ఆటగా చేయు హక్కును వారు కొనిరి. అందులకు 2 కోట్ల డాలర్లకు పైగా నిచ్చిరని చెప్పుదురు. ఆ బేరము తెగునప్పటికి జూలై మాసము కడపట వచ్చెను. ఆట క్రిస్మసునకు ముందే అంగళ్ళలో నుండవలెను. లక్షలకొలది పెట్టెలు తయారగుటకు వారములు పట్టును. ఇవన్నియు తీసివేయగా ఆటను కల్పించువానికి మిగిలిన గడువు సెప్టెంబరు 1వ తేదీ. జూలై 27వ తేదీన అటారీ అధిపతి రే కాసర్ తన కొలువులోని హోవర్డ్ స్కాట్ వార్షా అను యువకుని టెలిఫోనుమీద పిలిచి, ఆలోగా చేయగలవా యని యడిగెను. వార్షాకు మఱి మూడు దినములకు 25 ఏండ్లు నిండును. అంతకుముందు అతడు చేసిన రెండు ఆటలు మెప్పు పొంది యుండెను. అందొకటి స్పీల్‌బర్గు చిత్రమునకు చేసినదే. చేయగలనని యతడు బదులు చెప్పెను.

అట్టి యాటకు సామాన్యముగా ఆఱు మాసములు పట్టును. అతనికి దొరికినవి అయిదు వారములు, పైన నొక దినము.

ఆ కాలపు యంత్రమెట్టిదో ఇప్పటి పిల్లలకు తెలియనిదే ఈ కథ తెలియదు. అటారీ 2600 అను ఆ పెట్టె 1977లో వచ్చినది. ఆట జరుగుచున్నంతసేపు అది జ్ఞాపకముంచుకొనగలది 128 బైట్లు మాత్రమే. బైటునకు రోమను లిపిలోని అక్షర మొకటి చొప్పున లెక్కించినచో, పోస్టుకార్డు మీద మనము వ్రాయు క్షేమసమాచారము కూడ అందులో పట్టదు. ఇక ఆట యంతయు, బొమ్మలు, ధ్వనులు, నియమములు సహా, 8 కిలోబైట్లలో నిమిడి యుండవలెను. నేడు ఫోనుతో తీయు ఫోటో ఒక్కటి దానికి కొన్ని వందల రెట్లుండును. టెలివిజను తెరపై గీత వెంట గీత పడుచున్న కొలది, ఏ గీతలో నేమి కనబడవలెనో ప్రోగ్రాము అప్పటికప్పుడు చెప్పుచు పోవలెను. క్షణము తప్పినచో బొమ్మ చెదరిపోవును. ఒకసారి ముద్ర వేసిన చిప్పులో మఱల దిద్దుబాటు లేదు. ఇదంతయు దాదాపుగా ఒక్కడు చేసెను. బొమ్మల విషయమున మాత్రము జెరోమ్ డొమురాట్ అను చిత్రకారుడు తోడ్పడెను. ఆఫీసునకు పోయివచ్చు కాలము కూడ వ్యర్థము కారాదని, ప్రోగ్రాము వ్రాయు యంత్రమును వార్షా తన యింటికే తెప్పించుకొనెను.

శిక్షణ కళాశాలలో మాకు అన్నిటికంటె ముందు నేర్పినది గడియారము చూచుట. పాఠ ప్రణాళిక కాగితమునకు ఎడమ ప్రక్కన నిమిషముల గడి యొకటి యుండెడిది. వెనుక బల్లపై కూర్చుండి పరిశీలించు మా అధ్యాపకులు మా ముఖము చూచుటకంటె చేతి గడియారము నెక్కువగా చూచెడివారు. నలువదియైదు నిమిషములలో పట్టని విషయమును తెచ్చినవాడు సగము విషయమును ఇంటియొద్ద విడిచి రావలెనని వారి మతము. ఆ కొలతతో చూచినచో వార్షా చేసినది సాహసమే. అతడు తన ప్రణాళికను రెండు దినములలో వ్రాసికొని స్పీల్‌బర్గునకు చూపగా, ‘ప్యాక్‌మ్యాన్’ వంటిదేదైన చేయరాదా యని ఆయన యడిగెనట. తరుముట, తప్పించుకొనుట, మిఠాయి తినుట: అయిదు వారములకు సరిపోవు సరకు అది. అంతటి చిత్రమునకు అరువు ఆట తగదని వార్షా తలచెను. అతడే తగ్గించుకొని యుండినచో ఈ యాటను నేడెవరును తలచుకొనకపోదురేమో. తిట్టువారును లేకుందురు.

ఆ యాటను మేమును ఆడి చూచితిమి. పాత యంత్రము మా యొద్ద లేదు గాని, దానిని కంప్యూటరుమీద అనుకరించు ప్రోగ్రాములు కలవు. మొదట ఇ.టి. ముఖము పెద్దదిగా కనబడి, చిత్రములోని సంగీతము చిన్న పిల్లనగ్రోవివలె వినబడును. పిదప ఆకుపచ్చని ప్రాణి అడవిలో దిగును. అతని లోకమునకు గడియవలె ఆఱు ముఖములు గల ఘనము ఆధారము: అడవి యొక ముఖము, వాషింగ్టను నగరమొకటి, తక్కిన నాలుగును గుంతల మైదానములు. టెలిఫోను ముక్కలు మూడు ఆ గుంతలలో దాగియుండును. వానిని వెదకి, కూర్చి, ఓడను పిలిచి, గడువులోపల అడవికి తిరిగి రావలెను. ఆడువాని చేతిలో నున్నది ఒక కఱ్ఱ, ఒక యెఱ్ఱని బొత్తాము. ఆ బొత్తామే ఒక చోట మిఠాయి తినిపించును, ఒక చోట ముక్క యెక్కడ నున్నదో చూపును, ఒక చోట ఎలియట్‌ను పిలుచును. ఎచ్చట నేది జరుగునో తెర పైభాగమున నొక చిహ్నము కనబడును. పెట్టెతో నిచ్చిన పుస్తకమును చదువనివానికి ఆ చిహ్నములు ఊరు పేరు లేని మైలురాళ్ళు. పుస్తకము తెరువక పరీక్షకు వచ్చువారిని గూర్చి మాకు కొంత అనుభవము కలదు గనుక ఈ విషయమున మా సానుభూతి కొంచెమే.

గుంతల విషయము వేఱు. ఇ.టి. ప్రక్కనుండి చూచినట్లును, గుంతలు పైనుండి చూచినట్లును తెరమీద వ్రాయబడినవి. బొమ్మలోని ఏ చుక్క గుంతలోని ఏ చుక్కను తాకినను యంత్రము పడద్రోయును. పాదములు గట్టి నేలపై నుండగనే తల కొన గుంత యంచును సోకినంతమాత్రమున ప్రాణి పాతాళమునకు పోవును. మెడ సాచి మెల్లగా పైకి తేలి రావలెను. వచ్చిన వెంటనే కదలిక తప్పినచో మరల పడును. పడిన ప్రతిమారును, నడచిన ప్రతి యడుగునకును 9999 అను శక్తిసంఖ్య తఱుగుచుండును. మేము పదునాలుగు మారులు లెక్కపెట్టి, పిదప లెక్క మానితిమి. తరుమువారు ఇద్దఱు: ఒకడు శాస్త్రజ్ఞుడు, పట్టుకొని నగరమునకు లాగుకొనిపోవును. ఒకడు పోలీసు ఏజెంటు, సంపాదించిన టెలిఫోను ముక్కను లాగుకొనును. ఎలియట్ మాత్రము మిఠాయి బిళ్ళలు తొమ్మిది కూడినప్పుడు వచ్చి ముక్క నిచ్చిపోవు వర్తకుడయ్యెను. మిత్రుని ప్రాణము పోవునప్పుడు పరుగెత్తుకొని వచ్చి లేవనెత్తుట యొక్కటే చిత్రములోని బాలుని గుఱుతు చేయును. ఆ క్షణమున మాకు ఆట నచ్చెను.

అయినను ఇది సగము ఆట కాదు. దీనికి మొదలు కలదు, తుద కలదు, గెలిచి ఇల్లు చేరుట కలదు. మార్కులు కూడబెట్టుటయే తప్ప ముగింపెఱుగని యాటలు మెండుగా నున్న కాలమున ఇది చిన్న సంగతి కాదు. లోపించినది ఒక్కటి: పిల్లలచేత ఆడించి, వారెక్కడ విసిగిరో చూచి, సవరించుటకు కావలసిన కొలది దినములు. ఆ దినములను బేరగాండ్రు జూలైలోనే వాడివేసిరి.

తరువాతి సంగతి లోకవిదితము. సుమారు 40 లక్షల ఆటలు తయారయ్యెను. క్రిస్మసు బహుమతిగా సుమారు 15 లక్షలు అమ్ముడయ్యెను. తల్లిదండ్రులు చిత్రము పేరు చూచి కొనిరి. పిల్లలు గుంతలో పడి, విసిగి, మూల పెట్టిరి. మిగిలినవి అంగళ్ళలో నిలిచి, పెట్టెలకొలది కంపెనీకి తిరిగి వచ్చెను. 1983లో అటారీకి 53 కోట్ల డాలర్లకు పైగా నష్టము వచ్చెను. ఆ సెప్టెంబరు మాసమున, అమ్ముడుపోని సరకును లారీల కెత్తించి, న్యూ మెక్సికో రాష్ట్రమందలి అలమగోర్డో పట్టణపు చెత్తదిబ్బలో పూడ్పించి, పైన కాంక్రీటు పోయించిరి. 1984లో కంపెనీలో ఇంటి ఆటల భాగము చేతులు మారెను. అమెరికాలో ఆ వ్యాపారమే కూలినంత పని యయ్యెను. ఒక యువకుని యయిదు వారముల పని ఇంత కూల్చెనని చెప్పుట నేటికిని కొందఱకు సరదా. అప్పటికే లెక్కకు మిక్కిలి కంపెనీలు పనికిమాలిన యాటలతో అంగళ్ళు నింపి యుండెను. చౌక కంప్యూటర్లు ఇండ్లకు వచ్చుచుండెను. అదే యేట అటారీ తెచ్చిన ‘ప్యాక్‌మ్యాన్’ కూడ కొన్నవారిని నిరాశపఱచి యుండెను. ఎనిమిది కిలోబైట్లు పడగొట్టగల మేడ అంతకుముందే పగులు వాఱి యుండవలెను.

ఇంతగా ఈ యాట వెంట మేము పడుటకు కారణము మా పాఠశాలలోని తొమ్మిదవ తరగతి బాలుడొకడు. మాటకారి కాడు. వెనుక వరుసలో కూర్చుండును. వైజ్ఞానిక ప్రదర్శనకై అతడు తనంతట పంచతంత్రములోని తాబేలు, హంసల కథను కంప్యూటరు ఆటగా చేయ మొదలిడెను. హంసలు రెండు కఱ్ఱను పట్టి యెగురును. తాబేలు ఆ కఱ్ఱను కఱచుకొని వ్రేలాడును. క్రింద ఊరివారు కేకలు వేయుదురు. అప్పుడు బొత్తామును నొక్కి పట్టి దాని నోరు మూయించవలెను. మూడు వారముల గడువని మొదట ప్రకటింపబడెను. పిదప విచ్చేయవలసిన పెద్ద యొకరి సౌకర్యము ననుసరించి ప్రదర్శన ఎనిమిదవ దినమునకే జరుపబడెను. ఆనాడు బాలుని తాబేలు నోరు గట్టిగా మూసికొనియే మాటిమాటికి నేలపై పడెను. చూచువారు నవ్విరి. వచ్చినవారిలో నొకరు, ఇంతకంటె చెడ్డ యాట లోకమున నుండదని వేడుకగా ననిరి. వేడుకకే యనిరి, అందు సందేహము లేదు. బాలుడు మాఱు పలుకక కంప్యూటరు నార్పి, తీగ చుట్టి, ఇంటికి పోయెను. నెల దినములు ఆ గది గడప త్రొక్కలేదు. వాని తండ్రి, కూలిపని చేసి పిల్లవానిని చదివించుకొనుచున్నవాడు, మా యొద్దకు వచ్చి, “ఆ మిషను జోలికి పోనంటున్నాడండి మాస్టారు, చదువు కూడ మానేస్తాడేమోనని బెంగగా వుందండి” అనెను.

ఓదార్పు మాటలు ఆ వయస్సు వారికి రుచింపవని యెఱుగుదుము. ఒక సాయంకాలము వానిని పిలిచి, లోకమున నన్నిటికంటె చెడ్డదని పేరు మోసిన యాట నిజముగా నొకటి కలదు, చూతువా యని యడిగితిమి. కుతూహలము సిగ్గును జయించెను. మేము పడుచు లేచుచు నుండగా అతడు కొంతసేపు ఊరక చూచి, తరువాత కఱ్ఱ నందుకొని, తానును పడెను. ఎనిమిదవ మారో తొమ్మిదవ మారో పడిన పిదప ముఖము తెరకు దగ్గఱగా పెట్టి, “మాస్టారండీ, కాళ్ళు కాదండి, తల తగులుతోందండి” అనెను. మఱి యైదు నిమిషములకు, “నా తాబేలు కూడ ఇందుకేనండి పడింది” అని లేచి నిలువబడెను. హంసలను, కఱ్ఱను, తాబేలును అతడు ఒక్క బొమ్మగా కలిపి వ్రాసి యుండెను. హంస ఱెక్క విసరినప్పుడెల్ల దాని కొన ఇంటి కప్పును తాకుచుండెను. తాకినది తాబేలే యని యంత్రము లెక్కించుచుండెను. ఆ యెనిమిది దినములలో ఇంకొక్కరిచేత ఆడించి చూచి యుండినచో ఆ సంగతి వెల్లడి యయ్యెడిది. వానికి దొరకినవి ఎనిమిదే.

అప్పుడు వానికి వార్షా కథ చెప్పితిమి. ఔత్సాహికులు ముప్పది యేండ్ల పిదప ఆ ప్రోగ్రామును విప్పి చూచి, కొద్ది బైట్లు మార్చి, నిష్కారణముగా పడుటను చాలవఱకు తప్పించిరని విని అతడు మిక్కిలి సంతోషించెను. ఎన్ని బైట్లో యని యడిగెను గాని మాకు తెలియలేదు.

2014వ సంవత్సరము ఏప్రిలు 26వ తేదీన అలమగోర్డో చెత్తదిబ్బను త్రవ్విరి. దానిని గూర్చి జాక్ పెన్ అను దర్శకుడు వృత్తాంత చిత్రము తీసెను. గాలిదుమారమున జనులు గుంపుగా నిలిచి చూచుచుండగా, నలిగిన పెట్టెలు ఒక్కటొక్కటిగా వెలికి వచ్చెను. ఏడు లక్షలకు పైగా ఆటలు అక్కడ పూడ్చబడెనని అటారీ పూర్వోద్యోగి యొకరు తెలిపిరి. పైకి తీసినవి సుమారు 1,300. వానిలో మంచి పేరున్న యాటలు కూడ కలవు, కావున ఆ గొయ్యి ఈ యొక్క యాటకు త్రవ్వినది కాదని తేలెను. ఆ పట్టణమువారు కొన్నిటిని వేలము వేసి లక్ష డాలర్లకు పైగా రాబట్టుకొనిరి. ఒకటి వాషింగ్టనులోని స్మిత్‌సోనియన్ సంస్థకు చేరినది. వార్షా స్వయముగా ఆనాడు దిబ్బయొద్ద నుండెను. తన పని చూచుటకు అంతమంది వచ్చిరని ఆతని కన్నులు చెమర్చుట ఆ చిత్రమున చూడవచ్చును. అతడు ఆటల కల్పన విడిచి చాల కాలమయ్యెను. తరువాత మానసిక చికిత్స నేర్చి, మనోవ్యథతో వచ్చువారి మాటలు వినుట వృత్తిగా చేసికొనెను. ఆ త్రవ్వకపు భాగమును బాలుడు రెండుమారులు వేయించుకొని చూచెను.

ఈ సంవత్సరపు ప్రదర్శన తేదీ యిప్పుడే నిర్ణయింపబడవలెననియు, నిర్ణయించిన పిదప ఎవరి సౌకర్యమునకును ముందునకు జరుపరాదనియు ఉపాధ్యాయుల సమావేశమున మేము కోరితిమి. కొంత వాదము జరిగెను. అతిథులను గౌరవింపవలదా యని ఒకరనిరి. ఎనిమిది దినములలో పిల్లలు చేయగలది ఎనిమిది దినముల పనియే యని మేము చెప్పితిమి. తేదీ నోటీసు పలకపై వ్రాయబడినది. అతిథి యెవరో ఇంకను తెలియదు.

బాలుడు హంసలను వేఱుగా, తాబేలును వేఱుగా వ్రాసికొన్నాడు. ఆఱవ తరగతి పిల్లలను నలుగురిని కూర్చుండబెట్టి ఆడించి, వారెక్కడ చిక్కుకొనుచున్నారో నోటుపుస్తకమున గుఱించుకొనుచున్నాడు. ఇప్పుడు తాబేలు నోరు తెరచినప్పుడు మాత్రమే పడుచున్నదట. పడబోవుచు అది ఏమని పలుకవలెనో ఒక వాక్యము వ్రాసి యిమ్మని మమ్ముల నడిగియున్నాడు. మేమింకను వ్రాయలేదు.